తోడు పెట్టె

ఖాకీ సంచీలో మా మరిది విశ్వనాథం అన్నిటికంటే ముందు పెట్టేది టార్చిలైటు. దాని మీద రెండు పంచెలు, రెండు బనీన్లు, మోకాళ్ళ నూనె సీసా, ఆ నూనె కారితే పంచెలకి అంటకుండా రెండు ప్లాస్టిక్ కవర్లు, వాళ్ళ అక్కగారికి కొన్న కోసా పట్టు శాలువా, స్టీలు గ్లాసు. అతను అటు తిరగ్గానే నేను అందులోంచి ఒక వస్తువు తీసి దాచేస్తాను. ఏదో ఒకటి మరిచిపోయి వెళ్ళిన మనిషి దాని కోసమైనా వెనక్కి వస్తాడని మా అమ్మ అనేది. ఈసారి దువ్వెన తీశాను. అతని తల మీద దువ్వడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కనిపెట్టడనుకున్నాను.

"ఒదినా, దువ్వెనేదీ?"

"నీకెందుకు దువ్వెన? ఏటి దువ్వుకుంతావు?"

"రైల్లో పక్కోడికి ఇత్తాను. నీకెందుకూ? పెట్టీ సంచీలో."

పెట్టేశాను. ఆ సంచీ సర్దడం అది ఏడోసారి. ఆరుసార్లు సర్ది, ఆరుసార్లూ విప్పాడు. ప్రతిసారీ ఒకటే కారణం, మా రమణబాబుకి ఆసుపత్రి నుంచి ఫోను.

రమణబాబు నా కొడుకు. బిలాస్‌పూర్ తెలిపారాలో ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తాడు. ఆసుపత్రి పేరు రాయను, వాడి ఉద్యోగం ఇంకా అక్కడే. ఆ ఆసుపత్రి కంప్యూటర్లకీ బయటి లోకానికీ మధ్య కాపలా కాసే పెట్టె ఒకటుంది. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. వచ్చే ప్రతి కబురునీ, పోయే ప్రతి కబురునీ అది ఆపి, చూసి, మంచిదైతే వదులుతుంది. అది మొరాయించిందంటే చీటీలు రాసే కౌంటరు ఆగిపోతుంది, వీధి అవతలి భవనంలో చేసే రక్త పరీక్షల ఫలితాలు ఇవతలికి రావు. అప్పుడు రమణబాబు స్నానం మధ్యలో ఉన్నా సరే, రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటి నుంచి స్కూటర్ మీద అర్పా నది వంతెన దాటి పరుగెత్తాలి. తొమ్మిదేళ్ళుగా వాడు ఈ ఊరు దాటి ఒక్క రాత్రి ఉండలేదు.

ఇక మా మరిది సంగతి. అతను రైలింజన్ డ్రైవరుగా ముప్ఫయ్యారేళ్ళు చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక మా ఇంట్లోనే ఉంటున్నాడు. బొబ్బిలి దగ్గర ఊళ్ళో వాళ్ళ అక్క అప్పలనర్సమ్మ ఉంది. ఎనభై మూడేళ్ళు. ఆవిడకి చెవులు పూర్తిగా పోయాయి. ఫోను చేస్తే "ఎవురూ? ఎవురూ?" అని పదిసార్లు అడిగి, "ఎవులో గానీ మాటాడ్డం నేదు" అని తిట్టి పెట్టేస్తుంది. ఎదురుగా కూర్చుంటే మాత్రం పెదాలు చూసి అన్నీ అర్థం చేసుకుంటుంది. అక్కతో ఎదురుగా కూర్చుని మాట్లాడాలని మా మరిది కోరిక. అందులో తప్పేముంది?

కానీ అతన్ని ఒంటరిగా పంపడానికి లేదు. బండి ఎక్కడైనా పది నిమిషాలు ఆగితే చాలు, దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ ఇంజన్ దాకా నడిచి, లోపలున్న డ్రైవరు అబ్బాయికి నాలుగు సలహాలు ఇవ్వందే ఉండలేడు. నాలుగేళ్ళ క్రితం టిట్లాగఢ్‌లో అలా సలహాలు ఇస్తూండగానే బండి టైముకి బయలుదేరింది. అతను ఇచ్చిన సలహా కూడా టైముకి బయలుదేరమనే. బనీనుతో, భుజాన తువ్వాలుతో ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయాడు. అప్పటి నుంచి తోడు లేకుండా పంపకూడదని రమణబాబు నిర్ణయం. కోడలికి బడిలో పరీక్షల డ్యూటీ. తోడు వెళ్ళవలసింది రమణబాబే. రమణబాబు వెళ్ళాలంటే ఆ పెట్టె పక్కన ఇంకో పెట్టె ఉండాలి, మొదటిది పడిపోతే ఎవరూ ముట్టుకోకుండానే అది పని అందుకోవాలి. రెండేళ్ళు కాగితాలు రాయగా రాయగా ఆసుపత్రివాళ్ళు రెండో పెట్టె తెప్పించారు.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అతను వెళ్ళకూడదని నా కోరిక. వెళ్ళేవాళ్ళంటే నాకు భయం. మా తమ్ముడు సూర్యం డెబ్బై తొమ్మిదిలో బీడీ కట్ట తెచ్చుకుంటానని నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద దిగి, కదులుతున్న ఇంకేదో బండి ఎక్కాడు, మళ్ళీ కనబడలేదు. మా ఆయన ఆదినారాయణ, ఆయనా డ్రైవరే, డ్యూటీకని అనూప్‌పూర్ వెళ్ళి, అక్కడ డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూంలో నిద్రలోనే పోయాడు. ఇద్దరికీ అన్నం గిన్నె కట్టి ఇచ్చింది నేనే. అందుకని ఇంట్లో ఎవరు సంచీ తీసినా నా అరచేతులకి చెమట పడుతుంది. ఇది ఎవరికి చెప్పుకోను? చెవిటి అక్కని చూడ్డానికి వెళ్ళే మనిషిని వద్దంటే నలుగురూ ఏమంటారు? అందుకని పైకి "ఎల్లి రా బాబూ" అంటూ, లోపల ఆ రెండో పెట్టె పని చెయ్యకూడదని అప్పన్న స్వామికి మొక్కుకున్నాను.

పెట్టె బిగించడానికి రాయపూర్ నుంచి రజిని అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. వాళ్ళది కరీంనగర్ వైపు. తెలుగమ్మాయి హోటల్లో తినడమేమిటని రమణబాబు భోజనానికి ఇంటికి తీసుకొచ్చాడు. మా మరిది ఆ పిల్ల చెయ్యి కడుక్కోక ముందే ప్రశ్నలతో పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆ రెండో పెట్టె ఏటి సేత్తాది? నాకు సెప్పు. అది పాసైతే నా బండి కదుల్తాది."

రజిని రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టింది. "ఇది మెయిన్ పెట్టె తాతా. ఇది తోడు పెట్టె. రెండిటి నడుమ ఒక వైరుంటది. తోడుది సెకనుకోసారి అడుగుతది, 'ఉన్నవా?' అని. మెయిన్ది 'ఉన్న' అంటది. మూడుసార్లు జవాబు రాలేదనుకో, తోడుది లేచి పని అందుకుంటది."

"అచ్ఛా! రిలీవర్ అన్నమాట."

"అదే తాతా."

"సార్జ్ ఇచ్చీటప్పుడు సంతకాలేటీ నేవా? బ్రేకు ఎలగుంది, నూనె ఎంతుంది, దారిలో యే సిగ్నలు ఎలగుందో సెప్పుకోరా?"

"ముందే చెప్పుకుంటయ్. దీనికి ఏం నేర్పినా అప్పటికప్పుడు దానికి తెలుస్తది. బయటోళ్ళకి ఫరక్ కూడా తెల్వదు. ఇంటి నంబరు అదే, తలుపు తీసేటోడు మారుతడు."

మా మరిది కాసేపు గ్లాసులకేసి చూశాడు. "మా కాలంలో రిలీవర్ రాకపోతే పద్నాలుగు గంటలు ఇంజన్లో నిలబడీసినాం. ఈ పెట్టెల బతుకే బాగుంది."

నేను వడ్డిస్తూ అడిగాను. "మరి రెండూ ఒకేపాలి పోతేనో?"

"అట్ల పోవమ్మమ్మా," అని రజిని గ్లాసులు పక్కకి జరిపి పప్పు వేసుకుంది. ఆ "పోవు" అనే మాట నాకు రుచించలేదు.

మొదటి ఆదివారం పరీక్ష పెట్టారు. ఆదివారమైతే రద్దీ తక్కువ, కౌంటరు ఒకటే తెరిచి ఉంటుంది. మధ్యాహ్నానికి రమణబాబు మొహం వేలాడేసుకుని వచ్చాడు. జరిగిందేమిటంటే, పైడిరాజు అని అక్కడో అటెండరున్నాడు, మన విజయనగరం వైపు రైల్వే కుటుంబమే. యంత్రాల గదిలోకి ఇంజనీరమ్మ వస్తోంది కదా, శుభ్రంగా ఉండాలని తడిగుడ్డ పెట్టాడు. గుడ్డ కర్రకి తగులుకుని, పెట్టెల మధ్య వైరు ఊడి వచ్చింది. తోడు పెట్టె "ఉన్నావా?" అంది. జవాబు లేదు. మెయిన్ పెట్టె పోయిందనుకుని లేచి పని అందుకుంది. మెయిన్ పెట్టె పోలేదు, నిక్షేపంలా పని చేస్తోంది. ఇప్పుడు రెండూ "నేనంటే నేను" అని తలుపు దగ్గర నిలబడ్డాయి. అరగంట సేపు ఎవరి కబురూ ఎవరికీ చేరలేదు.

"ఒక ఇంజన్లో ఇద్దరు డ్రైవర్లు," అన్నాడు మా మరిది. "ఒకడు బ్రేకేత్తే ఇంకోడు హారనేత్తాడు."

నాకు మా అత్తగారి ఇల్లు గుర్తొచ్చింది. ఒకసారి ఆవిడకి జ్వరం వచ్చి పడుకుంటే, వంట బాధ్యత నాదేనని నేనూ, తనదేనని మా తోటికోడలూ అనుకుని, పప్పులో చెరోసారి ఉప్పు వేశాం. ఆ పూట తొమ్మిది మంది పెరుగన్నంతో లేచారు. ఈ పెట్టెల్ని తయారుచేసినవాళ్ళు అలాంటి ఇంట్లో భోంచేసి ఉంటే ముందే జాగ్రత్త పడేవారు.

మా మరిది సంచీ విప్పాడు. నేను అప్పన్నకి దణ్ణం పెట్టుకున్నాను, కాస్త సిగ్గుపడుతూనే.

రజిని ఊరుకునే పిల్ల కాదు. రెండు పెట్టెల మధ్య ఈసారి రెండు వైర్లు లాగింది, ఒకటి కింద నుంచి, ఒకటి పై నుంచి, ఒకే కర్రకి రెండూ తగలకుండా. ఆసుపత్రి సూపరింటెండెంటు గారు రమణబాబుతో ఖరాఖండిగా చెప్పేశారట. వచ్చే ఆదివారం మూడు పరీక్షలు. మొదటిది, మెయిన్ పెట్టెకి కరెంటు తీసేయడం. రెండోది, బయటి వైరు లాగేయడం. మూడోది, రెండు గంటలు ఎవరూ ముట్టుకోకుండా నడవనిచ్చి, ఆ తర్వాత ఆయనే వచ్చి తన చేత్తో ప్లగ్గు పీకడం. మూడూ నెగ్గితే ఐదు రోజుల సెలవు. ఒక్కటి తప్పినా సెలవు మాట మళ్ళీ ఎత్తకూడదు.

ఆ ఆదివారం మేమూ వెళ్ళాం. ట్రయల్ రన్‌కి డ్రైవరు లేకుండా ఎలాగని మా మరిది బయలుదేరాడు. రమణబాబు కంగారులో తినడని నేను క్యారేజీ కట్టుకుని బయలుదేరాను. క్యారేజీతో పాటు ఒక ఎర్ర రవికెల గుడ్డ కూడా పెట్టాను. కొత్త ఇంజన్ షెడ్‌కి వస్తే ఎర్ర గుడ్డ కట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టందే మావాళ్ళు చక్రం కదలనివ్వరు. పరీక్ష చెడగొట్టాలని ఆ గుడ్డ తీసుకెళ్ళలేదు. ఆ మాట ముందే చెప్పాలి. అలవాటు చొప్పున తీసుకెళ్ళాను, అంతే.

యంత్రాల గది కౌంటరు వెనకాలే. మధ్యలో ఒక చిన్న కిటికీ. ఒక అద్దాల బీరువాలో ఒకే అర మీద రెండు పెట్టెలూ పక్కపక్కన కూర్చున్నాయి, ఒక్కోటి మిఠాయి డబ్బా అంత. ఇంతోటి వాటి కోసమా నా కొడుకు తొమ్మిదేళ్ళు ఊరు కదల్లేదు అనుకున్నాను. గదిలో ఏసీ చలి కొరికేస్తోంది.

మొదటి పరీక్ష నెగ్గింది. రెండోదీ నెగ్గింది. ప్రతిసారీ కిటికీ అవతల ప్రింటరు ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ కిర్రుమంటూ చీటీలు కక్కింది. మా మరిది ప్రతిసారీ గాలిలో పచ్చజెండా ఊపాడు. నా గుండె ప్రతిసారీ ఒక మెట్టు దిగింది.

రజిని రెండు పెట్టెలనీ నడవనిచ్చి గడియారం చూసుకుంది. పన్నెండూ పది. రెండూ పదికి సూపరింటెండెంటు గారు వస్తారు. ఒంటిగంట కావస్తూండగా పైడిరాజు కొబ్బరికాయతో ప్రవేశించాడు.

"కొట్టొద్దు," అంది రజిని. "నీళ్ళు చల్లొద్దు. అగరొత్తులు ముట్టియ్యొద్దు. కర్పూరం అసలే వద్దు."

"మరింకేటి పూజమ్మా, సంతాప సభా?"

"బొట్టు పెట్టుకో. అద్దం మీద. బయట."

"గుడ్డ?"

"సరే, గుడ్డ కట్టుకో. బీరువాకి." ఆ పిల్ల ఆకలి మీద ఉంది. రమణబాబుతో కలిసి పక్క గదిలోకి క్యారేజీ విప్పుకోవడానికి వెళ్ళిపోయింది.

బీరువాకి కడితే పూజ ఎవరికి, బీరువాకా? అని పైడిరాజు ప్రశ్న. మా మరిది కూడా అదే అన్నాడు. ఇంజన్‌కి పూజంటే షెడ్ తలుపుకి చేస్తారా? పైడిరాజు బీరువా తెరిచి, రెండు పెట్టెలనీ కలిపి ఆ ఎర్ర గుడ్డ పీటల మీది జంటకి కప్పినట్టు నిండుగా కప్పాడు. ముందు వైపు దీపాలు కనబడేంత మాత్రం మడిచాడు. దాని మీద పిడికెడు మందాన బంతిపూల దండ చుట్టూ చుట్టాడు. అద్దం తలుపు మూసి, దాని మీద బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, ప్రసాదం పంచడానికి కౌంటరు వైపు వెళ్ళాడు. కొబ్బరికాయ మెట్ల మీద కొట్టుకున్నాడు.

గదిలో నేనూ మా మరిదీ మిగిలాం. నన్ను కదలొద్దన్నారు, దేన్నీ ముట్టుకోవద్దన్నారు. స్టూలు మీద కూర్చున్నాను. మా మరిది కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"ఏటొదినా ఈ చలి! పెండ్రా రోడ్డులో పుష్య మాసంలా ఉంది." అని, గోడకున్న రిమోటు తీసి ఏసీ ఆపేశాడు.

"ముట్టుకోవద్దన్నారు కదా?"

"పెట్టెల్ని ముట్టుకోవద్దన్నారు. ఏసీని అన్నారేటి?"

కాసేపటికి కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, సన్నగా గురక మొదలుపెట్టాడు.

నేను దీపాలు చూస్తూ కూర్చున్నాను. రెండు పెట్టెలకీ రెండు ఆకుపచ్చ దీపాలు. ఒంటిగంట దాటింది. గదిలో ఉక్క పట్టింది. ఒకటీ ముప్పావు దగ్గర ఎడమ పక్కనున్న మెయిన్ పెట్టె దీపం పసుపు రంగుకి తిరిగింది. తర్వాత ఎరుపు. తర్వాత ఏమీ లేదు. ఆరిపోయింది.

నా చేతులకి చెమట పట్టింది. కానీ ఈసారిది భయం కాదు. పరీక్ష తప్పింది, సెలవు లేదు, సంచీ విప్పుతాడు. కిటికీ వైపు చెవి పెట్టాను. ప్రింటరు ఆగుతుంది, ఎవరో అరుస్తారు, రమణబాబు పరుగెత్తుకొస్తాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. మళ్ళీ కిర్రు. ఇంకో చీటీ. ఇంకో చీటీ. ఎవరూ అరవలేదు. లోకానికి ఫరక్ తెలియలేదు. ఆ తోడు పెట్టె, రాక్షసి ముండ, నిజంగానే పని అందుకుంది.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ పెట్టెకేసి చూసి, "నీకెందుకే అంత తొందర?" అని పైకే అన్నాను.

అది విన్నట్టే, దాని దీపం కూడా పసుపైంది.

అప్పుడు అర్థమయింది. ఒకే గుడ్డ, ఒకే దండ, ఒకే ఉక్క. మొదటిది ఉడికి పడిపోయింది, రెండోది ఉడుకుతోంది. నా ప్రశ్నకి రజిని "పోవు" అంది. పోతున్నాయి. నేను పిలవనక్కర్లేదు, ఏమీ చెయ్యనక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. దేన్నీ ముట్టుకోవద్దన్నారు, నేను దేన్నీ ముట్టుకోలేదు. ఇంత నిర్దోషిగా ఒక మనిషిని ఇంట్లో ఉంచుకునే అవకాశం నా జన్మలో ఎప్పుడు వచ్చింది? సూర్యం దిగినప్పుడు వచ్చిందా? ఆయన గిన్నె పట్టుకుని వెళ్ళినప్పుడు వచ్చిందా?

కిటికీ అవతల ఒకావిడ తల వంచి లోపలికి చూసింది. ముంగేలీ వైపు పల్లె మనిషిలా ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో ఒక మగవాడి చెప్పుల జత.

"దాయీ," అంది నన్ను, "రిపోర్ట్ ఆయే మా కతకా బేర లాగహీ?" అమ్మా, రిపోర్టు రావడానికి ఎంతసేపు పడుతుందని. వాళ్ళాయన రక్తం రిపోర్టు అవతలి భవనం నుంచి రావాలట, అది వస్తేగాని లోపల పని మొదలుపెట్టరట. నేను ఆసుపత్రి మనిషిననుకుంది.

లోపలికి వెళ్ళినవాడి చెప్పులు పట్టుకుని బయట కూర్చున్న మనిషికి నేనేం చెప్పను? దీపం వైపు చూశాను. పసుపు కాస్తా ఎరుపుకి తిరుగుతోంది.

"రజినీ!" అని అరిచాను. ఇంత గొంతు నాకుందని నాకే తెలియదు. "రజినీ! రమణా! రెండోదీ పోతోందర్రా!"

రజిని ఎడమ చేత్తో తలుపు తోసుకుంటూ వచ్చింది. కుడి చెయ్యి పప్పన్నంతో ఉంది. బీరువా చూసింది. తర్వాత ఆ ఎడమ చేత్తోనే గుడ్డా, దండా కలిపి ఒక్క లాగు లాగింది. బంతిపూల రేకులు గదంతా లేచాయి. రమణబాబు ఏసీ వేసి, అట్ట ముక్క తీసుకుని పెట్టెలకి విసురుతూ కూర్చున్నాడు, బాలింతకి విసిరినట్టు. ఎరుపు పసుపైంది. పసుపు కాస్తా ఆకుపచ్చ అయింది. కిటికీ అవతల ప్రింటరు ఒక్కసారి కూడా ఆగలేదు. ముంగేలీ ఆవిడ చేతిలోకి కాగితం వచ్చింది. ఆవిడ చెప్పుల సంచీ చంకలో పెట్టుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

"ఎవ్వరు కప్పిన్రు ఇది?" అంది రజిని.

పైడిరాజు వచ్చి నిలబడ్డాడు. "నానేనమ్మా. జంట కదా అని..."

"జంటైతే?"

"జంటకి ఒకటే గుడ్డ కప్పుతారు కదమ్మా."

"అన్నా, రెండిటికీ ఒకటే బట్ట కప్పితే ఇంక రెండెందుకన్నా? ఒకటే చాలదా?" అని ఆ పిల్ల గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. కోపం వచ్చి నవ్విందో, నవ్వొచ్చి నవ్విందో తెలియలేదు. "ఏసీ ఎవరు బంద్ చేసిన్రు?"

అందరం మా మరిది వైపు చూశాం. అతను కళ్ళు నులుముకుంటూ, "ఏటయింది? బండి ఆగిందా?" అన్నాడు.

సరిగ్గా రెండూ పదికి సూపరింటెండెంటు గారు వచ్చారు. నేల మీద పూలు, చేతికి అన్నంతో ఇంజనీరు, అట్టతో విసురుతున్న రమణబాబు. ఆయన హిందీలో అడిగారు, "నేను పీకాల్సిన ప్లగ్గు ఏది?" అని.

రజిని చెయ్యి కడుక్కొచ్చి తెర మీద చిట్టా చూపించింది. ఒకటీ నలభై ఆరుకి మెయిన్ పెట్టె వేడెక్కి పడిపోయింది. మూడు సెకన్లలో తోడు పెట్టె పని అందుకుంది. ఒక్క చీటీ కూడా పోలేదు.

"ఆ సమయంలో ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ లేరు సార్," అన్నాడు రమణబాబు. "మా అమ్మ తప్ప."

ఆయన నావైపు చూసి, తెర వైపు చూసి, కాసేపు గడ్డం గోక్కున్నారు. "నేను ప్లగ్గు పీకితే అది పరీక్ష," అన్నారు. "ఇది నిజంగా జరిగింది. దీనికంటే పెద్ద పరీక్ష నా దగ్గర లేదు. శుక్రవారం నుంచి సెలవు తీసుకో. కానీ ఈ గదిలోకి పూలు రాకూడదు."

ఆటోలో ఇంటికి వస్తూ మా మరిది ఒక్క మాటా మాట్లాడలేదు. సెలవు దొరికిన మనిషిలా లేడు. నేనే అన్నాను, "కోరుకున్నదే కదా, మొహం అలగ పెట్టీసేవేటి?" అని. "మోకాళ్ళు," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం విశాఖ వెళ్ళే లింక్ ఎక్స్‌ప్రెస్‌కి అందరం స్టేషనుకి వెళ్ళాం. రమణబాబు నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళాడు. మా మరిది కిటికీ పక్కన కూర్చుని ఊచల్లోంచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒదినా, ఆ దినం నాను పడుకోనేదు."

"గురక పెట్టేవు కదరా?"

"గురక పెట్టడం ఎంత పని? మొదటి పెట్టె ఆరిపోడం సూసినాను. రెండోది పసుపవడం సూసినాను. నువ్వు కేకేత్తావో నేదో అని కళ్ళు సగం మూసుకుని సూత్తన్నాను."

"ఎయ్యకపోతేనో?" అన్నాను.

"ఎయ్యకపోతే ఉండిపోదును. ఇంత కష్టపడి ఉంచుకుంతన్న మనిషిని ఇడిసి ఎక్కడికెల్తాం?" అని, వెంటనే, "నువ్వేసీసేవు. మరేటి సేత్తాం? ఎల్లొత్తాను," అని నవ్వాడు.

రమణబాబు వచ్చి ఎక్కాడు. బండి టైముకే కదిలింది. మా మరిది తల బయట పెట్టి, డ్రైవరు బాగానే తీశాడు, కుదుపు లేదు, అని నాకు వినబడేలా అరిచాడు.

ఆ ఐదు రోజులూ ఆసుపత్రి నుంచి రమణబాబుకి ఒక్క ఫోను కూడా రాలేదు. మంగళవారం ఒక్కడే ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అదే బాధ వాడికి. "ఒక్కడు కూడా నన్ను అడగలేదమ్మా, ఏక్ భీ నహీ," అని మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అక్కా తమ్ముడూ ఎదురుబొదురుగా కూర్చుని పొద్దస్తమానం మాట్లాడుకుంటున్నారనీ, బాబాయి ఇంకో రెండు వారాలుండి వస్తానన్నాడనీ, పలాసలో పనిచేసే అతని స్నేహితుడు పోలయ్య బిలాస్‌పూర్ వచ్చేటప్పుడు వెంటబెట్టుకొస్తాడనీ చెప్పాడు.

పోలయ్య మార్చి తొమ్మిదిన ఒక్కడే వచ్చాడు. మా మరిది విశ్వనాథం రాలేదు, రాడని ఫోనులో ముందే కబురొచ్చింది. రెండు వేల ఇరవై నాలుగు మార్చి ఐదో తేదీ, మంగళవారం ఉదయం, బొబ్బిలి దగ్గర వాళ్ళ అక్కగారి అరుగు మీద టీ తాగుతూ పోయాడు.